వేలి మందం

మా కోడలు కొత్త చాకు కొన్నది. పిడి దగ్గర, పదును మొదలయ్యే చోట, కిందికి చిన్న ముక్కులా దిగి ఉంది. "వేలు జారి పదును మీదకి పోకుండానట అత్తయ్యా, భలే ఆలోచించారు కదా" అంటూ నా చేతిలో పెట్టబోయింది. నేను పట్టుకోలేదు. అక్కడ బల్ల మీద పెట్టెయ్యమన్నాను. ముసలావిడకి చాకంటే భయం కాబోలనుకుని లోపల్లోపల నవ్వుకుంది. నవ్వుకోనీ, ఆ పిల్లకేం తెలుసు.

మా కాలంలో ఇంట్లో ఆడవాళ్ళకి ఉన్నది కత్తిపీట. దానికి అడ్డూ అదీ అక్కర్లేదు. పదును మన వైపు చూస్తూ నిలబడి ఉంటుంది, కదిలేది కాయా చెయ్యీ. చేత్తో పట్టుకుని కొట్టే కత్తి సంగతి వేరు. అది దేనికో తగిలి ఆగిపోతుంది, చెయ్యి ఆగదు. ఈ ముక్క మా అయ్య చెప్పగా విన్నాను, ఇన్నేళ్ళలో ఇంకెవరూ చెప్పగా వినలేదు. అయ్య పోయాడు, అమ్మ పోయింది. నేను ఎవరికీ చెప్పని మాట ఒకటి నాతోనే ఉండిపోయింది. దాన్ని దాచుకుని ఏం బావుకున్నానో నాకే తెలీదు. ఇవాళ రాసేస్తున్నాను.

మాది చోడవరంలో కమ్మరి ఇల్లు. వీధివైపు తాటాకు పంచలో కొలిమి, వెనక రెండు గదులు. పొద్దున్న కళ్ళు తెరిచేసరికి తుమ్మబొగ్గు వాసన. ఎర్రటి ఇనుము చల్లార్చే తొట్టి నీళ్ళకి ఇంకో వాసన ఉండేది, తుప్పూ పొగా కలిసినట్టు. ఆ నీళ్ళతో కడిగితే గజ్జి పోతుందని జనం చెంబులు పట్టుకొచ్చేవారు. యుద్ధం అయ్యాక పాతసామాన్లలోకి వచ్చిపడ్డ లారీల కమాను పట్టీలు అయ్య అనకాపల్లి నుంచి తెచ్చి, ముక్కలు చేసి, చెరకు కత్తులు సాగగొట్టేవాడు. మొండి ఇనుము అది. ఒక మనిషికి లొంగేది కాదు. నేను కొలిమితిత్తి లాగితే అయ్య ఎర్రటి ముక్కని పటకారుతో దాగలి మీద పట్టుకుని చిన్న సుత్తితో ఒక దెబ్బ వేసేవాడు. ఎక్కడ కొట్టాలో చెప్పడం అది. అమ్మ సమ్మెట ఎత్తి సరిగ్గా అక్కడే దించేది. చీర గోచీ పోసి కట్టి, జుట్టు ముడేసుకుని, పొద్దెక్కేదాకా కొడుతూనే ఉండేది. ముగ్గురం కలిస్తే ఒక కత్తి. మా ఇంట్లో అన్నం ఉడికేది అమ్మ కుడిచెయ్యి ఆడినన్నాళ్ళే, అది నాకు ఆ వయసులోనే తెలుసు.

అమ్మ సమ్మెట దించి చెమట తుడుచుకునే వేళకి మామ్మ, అంటే అయ్య తల్లి, చోడి అంబలి తెచ్చేది. మామ్మకి కళ్ళు సరిగా ఆనేవి కాదు. ఆ ధైర్యంతో నేను నాలుగు ఎండు నెత్తళ్ళు కొలిమి నిప్పుల మీద పారేసేదాన్ని. కళ్ళు ఆనకపోతే ముక్కు లేదా? అగ్గితల్లి నోట్లో చేపలు పెడతావా, ఏ జన్మలో బాగుపడతావే అని తిట్టిపోసేది. తిట్టి తిట్టి, కాలాక ఒకటి తన చేతిలో పెట్టమనేది. అమ్మ నవ్వితే సమ్మెట పిడి కూడా ఊగేది.

చెరకు కాలం వస్తే ఊరు ఊరంతా బెల్లం పాకం వాసనే. పొలాల్లో ఎక్కడికక్కడ గానుగలు కట్టేవారు, పక్కనే పొయ్యి మీద ఇంత పెద్ద పెనం. పెద్దమ్మ కూతురూ నేనూ ఒక ఈడువాళ్ళం. పెద్దమ్మంటే సొంతం కాదు, మా వీధి చివరావిడ, అమ్మ ఆవిడని అప్పా అని పిలిచేది. బడికి వెళ్తున్నామని చెప్పి ఇద్దరం గానుగ దగ్గరికి పోయేవాళ్ళం. పాకం తీసేవాడు అటు తిరగ్గానే చెరకు ముక్క పెనంలో ముంచి, తాటాకు మీద ఆరబెట్టి, నాలిక కాలుతున్నా నాకేసేవాళ్ళం. ఆ పిల్ల నాకంటే గట్టిది. నన్ను ముందు పారిపొమ్మని తను దెబ్బలు తినేది.

ఆ పెద్దమ్మ చెరకు కొట్టుడికి వెళ్ళేది. వొంగి, ఎడమచేత్తో చెరకుగడ ఒడిసిపట్టి, కుడిచేత్తో మొదటికంటా కత్తి వెయ్యాలి. పొద్దు నాలుగు బారలు ఎక్కేసరికి పిడి నిండా రసం, చెమట. ఒకనాడు కత్తి పాత మోడులో దిగబడి ఆగిపోయింది. చెయ్యి ఆగలేదు, పిడి మీంచి జారి పదును మీదకి పోయింది. రెండు వేళ్ళు పోయాయి.

మా వైపు ఒక ఆచారం ఉండేది. మనిషి నెత్తురు చూసిన కత్తి ఇంట్లో ఉండకూడదు. దీపాలు పెట్టే వేళలోగా దాన్ని చేసిన కొలిమికే తెచ్చి నిప్పులో పడెయ్యాలి. అందుకని పెద్దమ్మ చేతికి గుడ్డ చుట్టుకుని కత్తి తనే పట్టుకుని వచ్చింది. మొహం బూడిదలా ఉంది. అయినా అయ్యనే ఓదార్చింది.

"నీ కత్తికేటి మరిదీ, బంగారం. నా సెయ్యే జారింది" అంది.

అయ్య ఆ కత్తి నిప్పులో పెట్టి నన్ను తిత్తి లాగమన్నాడు. ఆవిడ వెళ్ళేదాకా పటకారుతో దాన్ని నిప్పులో తిప్పాడు. తర్వాత అమ్మతో అన్నాడు: "జారడానికి సందు ఒగ్గింది నానే."

అప్పటినుంచి అయ్యకి అదే ధ్యాస. అంబలి తాగుతూ ఆగిపోయేవాడు. కత్తికీ చేతికీ మధ్య ఏదో ఒకటి ఉండాలనేవాడు. నన్ను కూర్చోబెట్టి ఒక ఆట మొదలుపెట్టాడు. కర్రకి బెల్లం పాకం రాసి, నా చేత పట్టించి, గోడకేసి బలంగా పొడవమనేవాడు. కర్ర గోడకి తగిలి ఆగిపోతే నా చెయ్యి ఎంత ముందుకి జారిందో గోడ మీద మసితో గీత గీసేవాడు. నేను చెయ్యి నాకేసి మళ్ళీ పాకం రాయమనేదాన్ని. ఒకనాడు పాకమంతా అలాగే తినేసి కడుపునొప్పితో పడుకున్నాను. కమ్మరి పనికి ఈ గుంట కడుపు కూడా పనికొచ్చిందని మామ్మ వీధంతా చెప్పుకొచ్చింది.

మొదట చేసిన అడ్డు పిడికి అటూ ఇటూ చాచుకుని ఉండేది, బొమ్మల్లో రాజుల కత్తికి ఉన్నట్టు. మాకు ఎక్కువ పని ఇచ్చే రైతు ఒకాయన ఉండేవాడు, పెద్ద చెరకుతోట ఆయనది. ఏడాదికి ముప్పై కత్తులు మా దగ్గరే సాగగొట్టించేవాడు. ఆయన దాన్ని తిప్పి చూసి, ఎవర్ని పొడవడానికిరా ఇది అని అడిగాడు. కూలీలకి ఇలాంటివి పంచిపెట్టి నా ఇంటి మీదకి పంపిస్తావా అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నిజమే, పనిచేసే కత్తికి అడ్డు ఉండడం ఎవరూ ఎరగరు. అడ్డు ఉంటే అది మనిషిని పొడిచే కత్తే అని అందరి లెక్క. ఎవరూ ఇంటికి తీసుకెళ్ళలేదు.

అయ్య ఆ అడ్డులు ఊడగొట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. పిడి చీలకుండా దాని మొదట్లో ఇనుప పొన్ను వేస్తారు. ఆ పొన్నుకే, పదునువైపు మాత్రం, మెత్తటి ఇనుముతో పెద్ద గోరంత అడ్డు సాగగొట్టాడు. వెనకవైపు ఏమీ ఉండదు, చూడ్డానికి మామూలు కత్తే. దాని ఎత్తు ఎంత ఉండాలన్న దగ్గర నెల రోజులు కొట్టుకున్నాడు. కొలిమికి వచ్చినవాళ్ళందరి చూపుడువేలూ దారం చుట్టి కొలిచేవాడు. ఎద్దుల నాడాలకి వచ్చినవాడు కూడా వేలు చాపాల్సిందే. ఈ కమ్మరికి పిచ్చి పట్టిందని అనుకున్నారు.

ఆఖరికి తేల్చాడు. "వేలి మందం ఉండాల. అంతకి తగ్గితే తడి వేలు అడ్డెక్కి దిగిపోద్ది. పెరిగితే నేలకి తగులుద్ది" అని నాకు, అమ్మకి పాఠంలా చెప్పాడు. నా చేత అప్పచెప్పించాడు కూడా. నాకు ఆ పాఠం బాగా వచ్చు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేశానని అనుకోకూడదు మీరు.

రైతు మళ్ళీ వచ్చాడు. ఈసారి నవ్వలేదు, మా పెరట్లో ఉన్న చెరకు దుబ్బు దగ్గర కూర్చుని తనే ఒక గడ కొట్టి చూశాడు. అడ్డు నేలకి ఆని, గడ మొదలు రెండు వేళ్ళ ఎత్తున మిగిలిపోయింది. చెరకుకి తీపంతా మొదట్లోనే ఉంటుంది, కొస చప్పన. ఆ రెండు వేళ్ళ ముక్కని గోటితో గీకి అయ్యకి చూపించాడు.

"తోటంతా ఇలాగ కొడితే నా తీపంతా నేలకి ఒగ్గియ్యాలి. నేనేటి తినాలిరా?" అన్నాడు.

మణికట్టు కొంచెం తిప్పి వాలుగా వేస్తే మోడు మిగలదు, అలవాటు కావాలి బాబూ అని అయ్య బతిమాలాడు. ఎవరు కొట్టి చూపిస్తారన్నాడు రైతు. మా ఇంటిది చూపిస్తుంది అన్నాడు అయ్య. అమ్మ పుట్టిల్లు దేవరాపల్లి వైపు, పెళ్ళికి ముందు అన్నలతో సమానంగా చెరకు కొట్టిన చెయ్యి. రైతు ఆలోచించి ఒప్పుకున్నాడు. తోట కొట్టుడు మొదలుపెట్టే రోజున అమ్మ ఒక సాలు కొట్టాలి. మోడు నేలమట్టంగా ఉంటే ఆ ఏడు తన కూలీలందరి కత్తులకీ అడ్డు వేయిస్తాడు. లేకపోతే ఇక ఎవరూ అడ్డు మాట ఎత్తకూడదు. ఆయన వెళ్ళాక అమ్మ, "సెరకు తీపని వేళ్ళతో సహా నమిలే మనిషి" అని గొణిగి సమ్మెట అందుకుంది.

కొట్టుడికి ఇంకా పది రోజులుంది. ఆ పది రోజుల్లో పెరట్లో చెరకు దుబ్బులు లేకుండా పోయాయి. అమ్మ రోజూ కొట్టి చూసుకునేది. పదిట్లో ఏడు మట్టంగా వచ్చేవి, మూడింటికి అరవేలు మోడు మిగిలేది. పదికి పదీ రావాలి. ఒక సాయంత్రం అమ్మ విసుగెత్తి కత్తి కింద పెట్టింది.

"రవ్వంత తగ్గించకూడదేటి దీన్ని?" అంది.

"తగ్గించకూడదు" అన్నాడు అయ్య.

ఆ రెండు మాటలూ నేను విన్నాను. రాత్రి అన్నం తింటున్నా అవే. కొట్టుడు రోజున అమ్మ ఓడిపోతే అయ్య మొహం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. ఊళ్ళో మళ్ళీ పిచ్చి కమ్మరి అంటారు. అయ్య మొండి, అమ్మ చెప్పింది వినడు. రవ్వంతే కదా. ఎంత తెలివిగలదాన్నో చూడండి. పదకొండేళ్ళ గుంటని, ఇద్దరు పెద్దవాళ్ళ తగువు తీర్చేద్దామనుకున్నాను.

వడ్డాది సంత రోజున అయ్యా అమ్మా కొడవళ్ళూ గునపాలూ అమ్ముకోవడానికి పొద్దున్నే బండెక్కి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం మామ్మ అరుగు మీద నడుం వాల్చింది. నేను ఆకురాయి తీసుకుని కత్తి ఒళ్ళో పెట్టుకున్నాను. అడ్డు మెత్తటి ఇనుము, చెప్పినట్టు వింటుంది. రాస్తూ ఉంటే తెల్లటి రజను గౌను మీద రాలింది. ఏటే ఆ సప్పుడు అని మామ్మ అడిగింది. నా కొడవలి పదును పెట్టుకుంటున్నానన్నాను. బుద్ధిమంతురాలివే అంది, పాపం. రవ్వంత తీద్దామనుకున్నదాన్ని, ఒక పక్క ఎక్కువ తగ్గిందని రెండో పక్క, అది సరిచేయబోయి మళ్ళీ ఈ పక్క. వేలి మందంలో సగం మిగిలింది. రాసిన చోట ఇనుము తళతళలాడుతోంది. అది కప్పెయ్యడం కూడా నాకు వచ్చు, అయ్య నేర్పిన పనే. నిప్పుల మీద వెచ్చచేసి ఆముదం రాసి మసి పట్టించాను. పాతదానిలాగే నల్లగా అయింది. రజను ఊడ్చి బూడిదలో కలిపేశాను. సాయంత్రం అమ్మ సంత నుంచి నాకు జీళ్ళు తెచ్చింది, తిన్నాను.

మర్నాడే కొట్టుడు. మంచు ఇంకా కరగలేదు. తోట పక్క గానుగ అప్పటికే తిరుగుతోంది. కూలీలంతా గట్టు మీద నిలబడ్డారు, పెద్దమ్మ కూడా వచ్చింది, మూడు వేళ్ళ చెయ్యి కొంగులో దాచుకుని. అమ్మ కత్తి కళ్ళకద్దుకుని సాలులోకి దిగింది. అయ్య చేతులు వెనక్కి కట్టుకుని గట్టు అంచున నిలబడ్డాడు.

మొదటి గడ నేలమట్టంగా తెగింది. రెండోది, మూడోది. అమ్మే ఆశ్చర్యపోయినట్టు ఒకసారి మా వైపు చూసింది. పదిహేను, ఇరవై దాటాయి, ఒక్క మోడు మిగల్లేదు. రైతు పంచె ఎగ్గట్టి ఒక్కొక్కటీ వంగి తడిమి చూసుకుంటూ వచ్చాడు. ఆఖరికి నడుం ఎత్తి, గెలిచేవురా, ముప్పై కత్తులకీ వేసియ్ అన్నాడు. మా అయ్య పళ్ళు కనిపించేలా నవ్వడం నేను పుట్టి అప్పుడే చూశాను. అయ్య నవ్వు కోసమే చేశాను, వచ్చింది. నా అంత సంతోషం ఆ తోటలో ఎవరికీ లేదు, ఎందుకు గెలిచామో నాకొక్కదానికే తెలుసు మరి. పెద్దమ్మ కూతురి చెయ్యి పట్టుకుని గట్టు మీద గెంతాను.

చాల్లే, వచ్చెయ్ అని అయ్య అమ్మని పిలిచాడు. సాలు కొస కనిపిస్తోంది కదా, ఎత్తుకున్నది ముగించి వస్తానంది అమ్మ. అప్పటికి చెయ్యంతా రసం. ఇంకో పది గడలు కొట్టింది. పదకొండోది వేసినప్పుడు కత్తి నేలలో రాయికి ఖణేలుమని తగిలి ఆగిపోయింది.

అమ్మ అరవలేదు. చెయ్యి పైకెత్తి చూసుకుంది. ఆ చేతికేసి చూస్తూనే గట్టు మీదున్న ఆడవాళ్ళతో ఒక్క మాట అంది.

"గుంటని ఇటు రానియ్యకండి."

ఎవరో నా మొహం తమ కడుపుకి అదిమి పట్టుకున్నారు. అయ్య పరిగెత్తడం విన్నాను, తలపాగా విప్పి చేతికి చుట్టాడట. గానుగ దగ్గరివాళ్ళు పసుపు, బూడిద తెచ్చారు. బండి కట్టి అమ్మని అనకాపల్లి ఆసుపత్రికి తీసుకెళ్ళారు, అయ్య బండిలోనే వెళ్ళాడు. కత్తి వైపు ఆయన కన్నెత్తి చూడలేదు. పెద్దమ్మ దాన్ని అరటాకులో చుట్టి, నన్ను ఒక చేత్తో దాన్ని ఒక చేత్తో పట్టుకుని ఇంటికి తెచ్చింది.

మామ్మ ఏడుస్తూనే ఆచారం మర్చిపోలేదు. దీపాల వేళ కాకముందే నిప్పులో పెట్టవే అని నన్ను తొందరపెట్టింది. అరటాకు విప్పాను. సగం అరిగిన అడ్డు, దాని మీదుగా ఎండిన రక్తం చారలు. తడి వేళ్ళు ఎక్కి దిగిన దారి అంత స్పష్టంగా ఉంది. అయ్య ఒక్కసారి చూస్తే చాలు. ఉంచెయ్యొచ్చు, మామ్మకి కనపడదు. ఏదో ఒక ఇనుపముక్క నిప్పులో పెట్టి, దీన్ని దాచి, అయ్య వచ్చాక ఇదిగో అని చూపించొచ్చు. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని అబద్ధమాడను. కత్తిని బొగ్గుల్లో అడుక్కంటా గుచ్చి తిత్తి లాగాను. ఎర్రగా అయింది, పసుపు పచ్చగా అయింది, తెల్లగా అయింది. ఆ పైన కూడా లాగితే ఇనుమే రవ్వలు కక్కుతూ కాలిపోతుంది. కాలిపోయేదాకా లాగాను. చాల్లేవే అని మామ్మ అంటున్నా ఆపలేదు.

అమ్మ నెలకి ఇంటికొచ్చింది. చూపుడువేలు, నడిమివేలు లేవు. ఉంగరం వేలు వంగదు. వచ్చిన మర్నాడే ఎడమచేత్తో కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరగబోయింది. సమ్మెట మళ్ళీ ఎత్తలేదు. ఎడమచేత్తో ఎత్తబోతే అయ్యే లాక్కుని మూల పెట్టేశాడు. కమాను పట్టీలు కొనడం మానేశాం, ఒక్క మనిషికి లొంగే పనులే చేసేవాడు, పాత కొడవళ్ళకి పళ్ళు పెట్టడం, నాడాలు. రైతు మంచివాడే, రెండు కుంచాల బియ్యం, బెల్లం దిమ్మ పంపించాడు. కత్తులు మాత్రం ఇంకో ఊరి కమ్మరి దగ్గర చేయించుకున్నాడు. ముప్పై కత్తులు మేం చెయ్యలేం కదా.

అమ్మ ఎప్పుడూ ఎవర్నీ అనలేదు. రాయి ఉంది, నా కర్మ అనేది. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, ఆ చేతికి ఆడే రెండు వేళ్ళతో జడ వేసేది, వంకరటింకరగా వచ్చేది. నేను బడిలో ఆ జడ విప్పేసుకునేదాన్ని. అయ్య మాత్రం రాయిని ఒప్పుకోలేదు. గోడ మీద తను గీసిన మసిగీతల ముందు నిలబడేవాడు. వేలి మందం చాల్లేదు, ఎక్కడో తప్పు పోయింది అని తనలో తను అనుకునేవాడు. ఒకరోజు తడిగుడ్డతో గీతలన్నీ తుడిచేశాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అంటారు. నేను అదీ పట్టుకోలేదు. మొదట్లో తంతాడని భయం. తర్వాత అయ్య మామూలు మనిషయ్యాడు, మళ్ళీ కెలకడం ఎందుకులే అనిపించింది. తర్వాత నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, చెప్పని మాట చెప్పకపోవడమే అలవాటైపోయింది. అయ్య ఇంకో ఇరవై ఏళ్ళు బతికాడు. ఏ రోజైనా చెప్పి ఉండొచ్చు. అమ్మ చెయ్యి తిరిగి రాకపోవచ్చు గాని, నీ లెక్క సరైనదే అయ్యా అన్న ఒక్క మాటతో ఆయన తల ఎత్తుకుని తిరిగేవాడు. చోడవరం చుట్టుపక్కల తోటల్లో ఎన్ని వేళ్ళు నిలబడేవో. ఇప్పుడు ఆ కొలిమి లేదు, ఆ పంచ లేదు, దాన్ని చూసినవాళ్ళు లేరు. అమ్మ వేళ్ళు నేను పసితనంలో తీశానని ఎవరైనా క్షమిస్తారేమో. తర్వాతి ఏడు జరిగినదానికి నాకు ఏ సాకూ లేదు.

తర్వాతి ఏడు చెరకు కాలానికి పెద్దమ్మ కూతురు కొట్టుడికి బయల్దేరింది. తల్లి చెయ్యి పనికిరాలేదు, ఇంట్లో ఇంకెవరున్నారు? మా కొలిమికి వచ్చి నిలబడింది.

"సిన్నాన్నా, ఆ అడ్డు కత్తి సేసియ్యవా? మాయమ్మ సేయించుకోమంది" అంది.

"అది నమ్ముకునే మీ పిన్ని సెయ్యి పోయిందమ్మా. నాను లెక్క తప్పేను. ఆ కత్తి ఇంక నేదు" అన్నాడు అయ్య.

అది నా వైపు చూసింది, నువ్వైనా చెప్పవే అన్నట్టు. అమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ముగ్గురూ అక్కడే ఉన్నారు. ఇంతకంటే మంచి సమయం నా జన్మలో రాదు. నేను తిత్తి తాడు లాగాను. అయ్య మామూలు కత్తికి పదును పెట్టి ఇచ్చాడు. అది తీసుకుని వెళ్తూ, సాయంత్రం గానుగ దగ్గరికి వస్తావా అని అడిగింది. వస్తానన్నాను.

ఇరవై రోజులు తిరగలేదు. కబురు పెద్దమ్మే తెచ్చింది, ఏడవను కూడా ఓపిక లేకుండా. చూపుడువేలు, మొదటికంటా. ఆవిడ వెళ్ళిపోయాక అయ్య చాలాసేపు కొలిమి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆ కత్తి ఇయ్యకపోతే బావున్ను అన్నాడు. మళ్ళీ తనే, అడ్డు ఉన్నా పోయేదేలే అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. కర్రకి పాకం రాసి వంద సార్లు గోడని పొడిచిన చెయ్యి నాదే కదా, అందుకే నన్ను అడిగాడు.

"పోయేదే కదే గుంటా?"

"పోయేదే అయ్యా" అన్నాను.